ఏటా పడే పీపా

హొసొతాని లోయలో బస్సు దిగిన పరాయి మనిషిని మా వాళ్ళు మూడు సంగతులు వినిపించకుండా వదలరు. మొదటిది సోయా గింజలు పీపాల్లో పులియబెట్టి చేసే మా మిసో. రెండోది, వరద లాక్కుపోతే అవే రాళ్ళు ఏరి తెచ్చి మళ్ళీ కట్టుకున్న వంతెన. మూడోది, మా ఊరి బడిలో మకిత ఒరియె టీచరు గారి ఇంగ్లీషు తరగతి.

మొదటి రెండూ తాతల నాటి ఘనతలు. మూడోది మా కళ్ళ ముందు పుట్టింది కాబట్టి దాని గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకోవడంలో తప్పులేదు. జిల్లా విద్యాశాఖ వారు ఇచ్చిన గాజు ఫలకం బడి గుమ్మంలో, చెప్పుల అరల పైన, ఎవరు వంగి బూట్లు విప్పినా నుదుటికి తగిలేంత ఎత్తులో ఉంది. పత్రికలో రెండుసార్లు ఫోటో పడింది. ఉత్తరాన మంచు ఊళ్ళ నుంచీ దక్షిణాన దీవుల నుంచీ టీచర్లు వచ్చి చూసి వెళ్ళారు. రాజధాని నుంచి ఒక ఆచార్యుడు దిగి, మా మిసో పులుసు మూడు గిన్నెలు తాగి, పిల్లలు ఒక పని చేపట్టి ఆ పనిలోనే భాష నేర్చే పద్ధతికి ఇంతకు మించిన పాఠం తాను చూడలేదని వ్యాసం రాశాడు. ఇన్ని మెప్పులు మూటగట్టుకున్న మనిషి మా లోయలో మరొకరు లేరు. ఆ మూట మోస్తున్న మనిషి మెడ ఎలా ఉందని అడిగినవారు కూడా లేరు.

అసలు ఆ తరగతి ఒక వానలో పుట్టింది. పదకొండేళ్ళ కిందట ఒరియె టీచరు పిల్లల్ని వెంటబెట్టుకుని నది ఒడ్డున నడుస్తుంటే వాన అందుకుంది. అందరూ పరుగెత్తి సెగావా తొకుజి మేస్త్రి షెడ్డులో దూరారు. తొకుజి మేస్త్రి మిసో పీపాలు కట్టే మనిషి, ఆ పని తెలిసినవాళ్ళలో మా లోయకు చివరివాడు. దేవదారు పలకల్ని వంపుగా చిత్రిక పట్టి, ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా నిలబెట్టి, బయటి నుంచి వెదురు కట్టు బిగిస్తాడు. మేకు ఉండదు, బంక ఉండదు. పలకను పలక నొక్కిపట్టుకుని నిలబడుతుంది.

సరిగ్గా అప్పుడే దారి తప్పిన విదేశీ దంపతులు తడిసి ముద్దయి అదే చూరు కిందికి చేరారు. పీపాను చూపించి ఏదో అడిగారు. మేస్త్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు. టీచరు నోరు విప్పబోయి ఆగి, పిల్లల వైపు చూసింది.

ఆ రోజు పిల్లలు మాట్లాడింది ఏ పుస్తకంలోనూ లేని ఇంగ్లీషు. సగం నోటితో, సగం చేతులతో మాట్లాడారు. ఒక కుర్రాడు కంగారులో పీపాకు తగిలితే కట్టు జారి పలకలన్నీ చెల్లాచెదురయ్యాయి. వాడు నడుము విరిగేలా వంగి క్షమించమన్నాడు. మేస్త్రి నవ్వి, పలకలు ఏరి ఒక్కొక్కటే నిలబెడుతూ ఏది ఎందుకో చెప్పాడు. పిల్లలు మాటలు వెతుక్కుంటూ, ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తి చేస్తూ ఆ దంపతులకు వినిపించారు. వాన వెలిసేసరికి పీపా మళ్ళీ లేచి నిలబడింది. దంపతులు వెళ్ళిపోయాక గాని, ఇంతసేపూ తాము ఇంగ్లీషులో మాట్లాడామన్న సంగతి పిల్లలకు తట్టలేదు. ఆ సాయంత్రం టీచరు ఇంటికి తడిసిన బట్టలతో పాట పాడుకుంటూ నడిచిపోయిందని వంతెన దగ్గరి తోఫు కొట్టు వాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

మా దేశంలో మంచి పాఠం ఒకటి జరిగిందంటే దాన్ని ఊరికే పోనివ్వరు. బహిరంగ పాఠం పెడతారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా ఎవరి మెత్తటి చెప్పులు వాళ్ళు సంచిలో తెచ్చుకుని, గోడల వెంబడి నిలబడి చూస్తారు. ఏ నిమిషంలో ఏం జరగబోతోందో ముందే అచ్చువేసి వాళ్ళ చేతుల్లో పెడతారు. పాఠం అయ్యాక టీ తాగుతూ సమీక్ష జరుగుతుంది. అప్పటి హెడ్మాస్టరు ఒరియె టీచరును పిలిచి, పీపా పడటం చాలా బాగుందటగా, అది మళ్ళీ ఉంటుందా అని అడిగాడు. ఆవిడ వేళాకోళం అనుకుంది. కాదు. అచ్చులో ఎక్కింది, ఫలానా నిమిషంలో ఒక విద్యార్థి పొరపాటున పీపాకు తగులును అని.

అప్పటి నుంచి ఏటా ఒక కుర్రాడు పొరపాటు పడుతూ వచ్చాడు. ఆ వేషానికి పిల్లల్లో పోటీ కూడా ఉండేది. అన్న పడగొట్టిన పీపానే తమ్ముడూ పడగొట్టిన ఇళ్ళున్నాయి మా ఊళ్ళో, వాళ్ళ అమ్మలు అది గొప్పగా చెప్పుకుంటారు. మేస్త్రి దానికోసమే కట్టు వదులు చేసిన పీపా ఒకటి సిద్ధం చేసేవాడు. బిగించి కట్టడం కన్నా వదులుగా కట్టడమే కష్టమనేవాడు. కుర్రాడు తాకేదాకా నిలబడాలి, తాకగానే కూలాలి కదా. అప్పటికప్పుడు తోచిన ప్రశ్నలు అని అచ్చులో ఉన్నచోట ఏ పిల్ల ఏం అడగాలో వేసవి సెలవుల నుంచే వల్లె వేయించేవారు. విదేశీ దంపతుల చోట ఇంగ్లీషు సహాయ టీచరును కూర్చోబెట్టేవారు. ఈ మధ్య ఆ వేషం న్యూజిలాండ్ నుంచి వచ్చిన కెరీ అనే అమ్మాయిది. ఆ గది మొత్తానికి ఇంగ్లీషు నిజంగా అవసరమైన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకూ పీపా కథ కంఠతా వచ్చేసింది.

ఒరియె టీచరు దీన్ని ఎప్పుడో మానేసి ఉండవచ్చు. హెడ్మాస్టర్లు ఒప్పుకోరు, నిజమే. కాని ఆవిడ కాళ్ళకు అసలు బంధం వాళ్ళు వేసింది కాదు. తొకుజి మేస్త్రిని చూసి ఆగిపోయేది.

మేస్త్రికి ఎనభై దగ్గర పడుతున్నాయి. మిసో కొట్ల వాళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి మారాక పీపా కట్టమని అడిగేవాళ్ళు లేరు. భార్య పోయింది. పిల్లలు సాధన కోసం వచ్చే రోజున షెడ్డంతా ఊడ్చి, ఉతికిన నీలం కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడేవాడు. ఆ నిలబడటం చూడగానే ఆవిడ గొంతులోకి వచ్చిన మాట లోపలికే పోయేది. ఈ పిల్లలు కూడా రాకపోతే పాపం ఈ మనిషికి ఇంకేముంది అనుకునేది. వచ్చే ఏడు కూడా మీకు శ్రమ ఇవ్వవచ్చా మేస్త్రి గారూ అని అడిగేది. శ్రమేముంది టీచరు గారూ, మీరు రండి అనేవాడు. మా లోయలో ఈ రెండు మాటల తర్వాత మూడో మాట ఉండదు.

మా జిల్లాలో టీచర్లను ఒక బడిలో ఎక్కువ ఏళ్ళు ఉంచరు. మార్చి చివర ఎవరు ఎక్కడికి బదిలీ అయ్యారో పేర్లన్నీ పత్రికలో వస్తాయి. పులుసు చల్లారిపోతున్నా సరే ఆ పేజీ చదివి గాని మా ఊరు గిన్నె ఎత్తదు. ఒరియె తర్వాత వచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు, కొందరు పెద్ద పదవులకు కూడా పోయారు. ఆవిడ పేరు మాత్రం ఆ పేజీకి ఎక్కలేదు. మన టీచరమ్మను ఎవరు వదులుకుంటారు అని సంతలో ముల్లంగి దుంపలు ఏరుకుంటూ మురిసిపోయేవాళ్ళం. తను పోయినా పాఠం ఇంకెవరైనా నడుపుతారు, మేస్త్రికి లోటుండదు అనుకుని, వదలమని ఆవిడ ఏటా అడుగుతోందన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రేవు పట్నంలో ఒక బడి ఉంది. అక్కడి చేపల ఫ్యాక్టరీల్లో పనికి బ్రెజిల్ నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ వియత్నాం నుంచీ వచ్చిన వాళ్ళ పిల్లలు చదివే బడి. ఒకడి దగ్గర బంతి ఇంకొకడు అడగాలన్నా ఏదో ఒక భాష తడుముకోక తప్పదు వాళ్ళకు. ఆ ఏడు అక్కడ ఇంగ్లీషు టీచరు చోటు ఖాళీ అవుతోందని తెలిసింది. ఒక సెలవు రోజున ఒరియె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, ఆటస్థలం కంచె బయట నిలబడింది. పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. నాలుగు భాషల్లో అరుపులు. ఎవరి మాట ఎవరికీ పూర్తిగా అర్థం కావడం లేదు, ఆట మాత్రం ఆగడం లేదు. ఆ గోల వింటుంటే షెడ్డు రేకు మీద పడ్డ వాన వినిపించింది ఆవిడకు. తిరుగు బస్సు తప్పిపోయినా ఆవిడకు పట్టలేదు.

ఈసారి గట్టిగానే అడిగింది. హెడ్మాస్టరు ఒగురి గారు మంచివాడు, రెండేళ్ళలో పదవీ విరమణ, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. ఆవిడ చెప్పినంతసేపూ తల ఊపాడు.

"నేనేమన్నా మిమ్మల్ని కట్టేశానా టీచర్ గారూ? ఈ శరత్తులో విద్యాశాఖ పెద్దలంతా వస్తున్నారు. పాఠం ఎక్కడా తొణక్కుండా జరిపించండి చాలు. మార్చిలో నేనే దగ్గరుండి బస్సెక్కిస్తాను. ఇది నా మాట."

అలా ఆ ఏడు ఒరియె పని విచిత్రంగా తయారైంది. ఆ ఆట నుంచి బయటపడాలంటే ఆ ఆటనే ఎన్నడూ లేనంత బిగువుగా ఆడించాలి. వేసవి ఎండల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వల్లె వేయించింది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తడబడాలో కూడా చెప్పింది. తోఫు కొట్టు వాళ్ళ అమ్మాయి ఇచికాకు వచ్చిన ప్రశ్న, మీరు ఈ పని ఎన్నాళ్ళుగా చేస్తున్నారు అన్నది. ఆ పిల్ల మధ్యలో ఆగిపోయింది.

"టీచర్, దీని జవాబు నాకు తెలుసు కదా. మా అన్నయ్య అడిగింది కూడా ఇదే."

"తెలిసినా అడగాలమ్మా."

"తెలిసింది ఎందుకడగటం?"

"గోడ పక్కన నిలబడేవాళ్ళకి తెలీదుగా."

"ఓహో. అయితే నేను మేస్త్రి తాతని అడగట్లేదు. గోడని అడుగుతున్నా."

తరగతి గొల్లుమంది. ఒరియెకు నవ్వు రాలేదు. ఈ ఒక్కసారికి అడిగెయ్యి ఇచికా అంది. టీచరు గొంతులో బతిమాలుకోవడం విని ఆ పిల్ల సరేనంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడగమన్నా గోడను చక్కగా అడిగింది.

చెట్ల ఆకులన్నీ ఎర్రబడ్డ రోజున పెద్దలు వచ్చారు. గోడల వెంబడి చోటు చాలక నడవాలో కూడా నిలబడ్డారు. విద్యాశాఖ నుంచి తషిరో గారనే ముఖ్యాధికారి ముందు వరుసలో ఉన్నాడు. మేస్త్రి తన పనిముట్లతో గది మధ్యలో చాప మీద కూర్చున్నాడు, నీలం కోటు తొడుక్కుని. కెరీ అప్పుడే దారి తప్పి వచ్చినట్టు గుమ్మంలోంచి వచ్చింది. పిల్లలు పలకల గురించి చెప్పారు, వెదురు గురించి చెప్పారు, మిసో ఎన్ని ఏళ్ళు ఊరుతుందో చెప్పారు. ఒక్క మాట జారలేదు. చెప్పిన వేళకు కుర్రాడు పీపాకు తగిలాడు. పదకొండేళ్ళలో అంత అందంగా పడటం ఎన్నడూ లేదు. గోడల వైపు నుంచి, ఆహా అన్నంత మెల్లగా, ఊపిరి వినిపించింది.

మేస్త్రి వంగి పలకలు ఏరబోయాడు. మొదటి పలక చేతిలోంచి జారింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోలేదు. అది అచ్చులో లేదు. అందరూ నటన అనుకుని చిరునవ్వుతో చూస్తున్నారు. ఇచికా వంతు వచ్చింది. లేచి నిలబడింది. ఆ వేళ్ళనే చూసింది. చివరకు ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఎవరూ నేర్పని ప్రశ్న అడిగింది. మేస్త్రి గారూ, మీకు ఇది మానేయాలని ఉందా?

గోడల వెంబడి కాగితాలు గరగరలాడాయి. ఆ ప్రశ్న ఎక్కడుందా అని అందరూ వెతుక్కుంటున్నారు. ఒగురి గారు రెండు పేజీలు ఒక్కసారే తిప్పారు.

పిల్లల ప్రశ్నను మేస్త్రికి మన భాషలో చెప్పడం ఒరియె పని. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. ఎన్నాళ్ళుగా చేస్తున్నారని అడుగుతోంది అని ఆవిడ అనేస్తే ఆయన ఎప్పటి జవాబు చెప్పేస్తాడు, పాఠం తొణకదు. గోడ పక్కనున్న వాళ్ళంతా ఇంగ్లీషు టీచర్లే, వాళ్ళకు తెలిసిపోతుంది. కాని మర్యాద తెలిసినవాళ్ళు, ఒక్కరూ పైకి అనరు. మార్చి, బస్సు, కంచె అవతలి గోల, అన్నీ ఆ ఒక్క మాట దూరంలో ఉన్నాయి. ఇచికా ఆవిడ వంకే చూస్తోంది.

"మేస్త్రి గారూ," అంది ఒరియె, "మీకిది మానేయాలని ఉందా అని అడుగుతోంది."

మేస్త్రి పలకను ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది కొత్త ప్రశ్నే," అన్నాడు. కాసేపు ఆ పలకను నిమిరాడు.

"ఉందమ్మా. ఎప్పటినుంచో ఉంది. మా తమ్ముడు సముద్రం ఒడ్డున ఉంటాడు. వచ్చెయ్యి, ఇద్దరం కూచుని చేపలు పట్టుకుందాం అంటాడు. ఈ వేళ్ళు నా మాట వినట్లేదు. కానీ నేను పోతే టీచరు గారి పాఠం ఏమైపోతుంది? ఇది తప్ప పాపం ఆవిడకి ఇంకేముంది అని ఉండిపోయా."

ఆ మాటలు ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పాలి, చెప్పాల్సింది ఆవిడే. ముప్పై ఏళ్ళుగా ఒక్క తడబాటు లేని ఒరియె టీచరు ఇంగ్లీషు ఆ రోజు కుంటింది. మాట కోసం వెతికింది, ఆగింది, చేతులతో చేప చూపించింది. ఇది తప్ప పాపం ఆవిడకి ఇంకేముంది అన్న మాటను కూడా దాచకుండా చెప్పింది. కెరీ తన వేషం మరిచిపోయి, అక్కడ ఏం చేపలు పడతాయని అడిగింది. ఆ చేప పేరు ఇంగ్లీషులో ఎవరికీ తెలియదు. ఒకడు నల్లబల్ల మీద బొమ్మ వేశాడు. అది చేప కాదు బూటు అని ఇంకొకడు ఇంగ్లీషులోనే వెక్కిరించాడు. తమ్ముడు మంచివాడేనా, షెడ్డు ఏం చేస్తారు, మరి మా ఇంట్లో పీపా చెడిపోతే ఎవరు కడతారు అని తలా ఒకటి అందుకున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. కూలిన పీపాను నిలబెట్టడం అందరూ మరిచిపోయారు.

అంతా పోయింది అనుకుంది ఒరియె. పోయినందుకు ఒళ్ళు ఎంత తేలికైందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

సమీక్షలో టీ చల్లారిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు. తషిరో గారు కళ్ళద్దాలు తుడుచుకుని, తన ఉద్యోగంలో ఇలాంటి పాఠం చూడలేదన్నాడు. ఆ ప్రశ్నను ఎప్పటి నుంచి అనుకుంటున్నారని అడిగాడు. అది అనుకున్నది కాదండీ, ఆ పిల్ల తనంతట తాను అడిగింది అని ఒరియె చెప్పింది. ఆయన గోడ పక్కనున్న టీచర్ల వైపు తిరిగి, చూశారా ఎంత వినయమో అన్నాడు. ఆవిడ మళ్ళీ కాదంది. కాదన్నకొద్దీ ఆ వినయానికి తలలు ఊగాయి. మా దేశంలో మెచ్చుకున్నప్పుడు కాదనడమే మర్యాద కనుక, నిజంగా కాదు అని చెప్పడానికి ఆవిడకు వేరే మాట దొరకలేదు.

తర్వాతి సంగతి ఒగురి గారు తన గదిలో, కొత్త టీ పోయించి మరీ చెప్పారు. వచ్చే ఏడు దేశం నలుమూలల నుంచీ వస్తారట. పీపా పడగానే ఆ ప్రశ్న ఉండి తీరాలట. తషిరో గారు మరీ మరీ చెప్పి వెళ్ళారట.

"మీరు మాటిచ్చారు కదండీ," అంది ఒరియె.

"తొణక్కుండా జరిపిస్తే అన్నాను. తొణికింది కదా టీచర్ గారూ." ఆయన చాలా ప్రేమగా నవ్వాడు. "తొణికే ఇంత పేరు తెచ్చింది. ఇప్పుడు మిమ్మల్ని వదిలితే ఊరు నన్ను బతకనిస్తుందా?"

ఆ మాట నిజం. బతకనిచ్చేవాళ్ళం కాదు.

మార్చిలో పేర్ల పేజీ వచ్చింది. రేవు పట్నం బడికి ఎవరో కుర్ర టీచరు పోయాడు. బడి గుమ్మంలో రెండో ఫలకం పెట్టడానికి మేకు కొట్టారు. చదువు ముగిసిన తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుస్తూ పాడుతూ బడి విడిచారు. ఇచికా వెళ్ళేముందు టీచరు దగ్గరికి వచ్చి వంగింది.

"వచ్చే ఏడు నా ప్రశ్న ఎవరడుగుతారు టీచర్?"

"మీ చెల్లెలే. తనే అడుగుతానని చెయ్యెత్తింది."

"పాపం," అంది ఇచికా. "అది గోడనే అడుగుతుంది."

మేస్త్రి అయినా బయటపడ్డాడు కదా అనుకుంటూ, వీడ్కోలు చెప్పడానికి ఒరియె షెడ్డుకు వెళ్ళింది. పనిముట్లన్నీ పెద్ద గుడ్డలో మూటగట్టి గుమ్మం పక్కన ఉన్నాయి. ఆవిడ మనసు కుదుటపడింది. ఆ తర్వాత అరమీద, పట్టు రిబ్బను కట్టిన మిఠాయి డబ్బా కనబడింది.

"హెడ్మాస్టరు గారు వచ్చారా?"

"ఆయనా వచ్చాడు, విద్యాశాఖ పెద్దమనిషీ వచ్చాడు. డబ్బా పెట్టి ఇద్దరూ వంగారు. ఎంతకీ లేవరే. చూసి చూసి నడుం నొప్పి నాకు మొదలైంది."

"ఒప్పుకున్నారా?"

"ఒక్క ఏడాదే అన్నాను."

"నాతోనూ ఒక్క ఏడాదే అన్నారు."

ఇద్దరూ ఆ డబ్బా వంక చూశారు. మేస్త్రి మిఠాయి ఒకటి తీసి ఆవిడకు ఇచ్చి, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

"ఒక సందేహం టీచరు గారూ. వచ్చే ఏడు కూడా ఆ ప్రశ్న అడుగుతారుగా. అప్పుడూ మానేయాలని ఉందనే చెప్పాలా?"

"మానేయాలని లేదా మీకు?"

"ఎందుకు లేదు? ఇప్పుడింకా ఎక్కువుంది."

"అయితే అదే చెప్పండి. నేనూ అదే చెప్తాను, ఇంగ్లీషులో."

మేస్త్రి బొంగురుగా నవ్వాడు, ఆవిడా నవ్వింది. పదకొండేళ్ళలో ఒకరి ముందు ఒకరు అలా నవ్వుకోవడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన మూట ముడి విప్పాడు. పడటానికి కట్టిన పాత పీపా నిజంగానే దెబ్బతింది, దానికి కొత్త కట్టు అల్లాలి. చీల్చిన వెదురు బద్ద ఒకటి తీసి వంచబోతే వేళ్ళకు పట్టు చిక్కలేదు. రెండో కొసను ఆవిడకు అందించాడు. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషులో ఎన్నిసార్లో వర్ణింపజేసిన ఆ వెదురును ఒరియె చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. అది బతికున్నదానిలా వణుకుతోంది.

"గట్టిగా పట్టుకోండి," అన్నాడు మేస్త్రి. "మీరు వదిలితే నాకు కొడుతుంది, నేను వదిలితే మీకు కొడుతుంది."

ఎంతసేపు పట్టుకోవాలని ఆవిడ అడగలేదు. కొస రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.